లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లోనే ఉన్నా, రోగిని చూసుకునేవాళ్లకు భారం ఎందుకు పెరిగింది?

ఇంట్లో మనుషులు పెరిగినా బయటి నుంచి అందే సాయం ఆగిపోవడం వల్లే కరోనా రోజుల్లో రోగిని చూసుకునేవాళ్ల భారం పెరిగింది.

మామూలు రోజుల్లో ఆ పని ఒక్కరే చేస్తున్నట్టు కనిపించినా వెనక చాలామంది ఉంటారు: ఆటో నడిపే అబ్బాయి, కాసేపు తోడుండే పక్కింటావిడ, చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో డబ్బు పంపే కొడుకు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ ఆసరాలన్నీ దాదాపు ఒకేసారి తెగిపోయాయి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే చూడండి. డయాలసిస్, అంటే కిడ్నీల బదులు యంత్రంతో రక్తం శుభ్రం చేయడం, సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. వాయిదా వేస్తే ఒంట్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, పొటాషియం పెరిగి గుండెకే ముప్పు. మందస మండలంలోని ఓ పల్లె నుంచి పలాస వెళ్లాల్సిన రోగి ఉన్నాడనుకుందాం. బస్సుల్లేవు కాబట్టి భార్యే బండి వెతకాలి, దారిలో ఆపితే ఆసుపత్రి కాగితాలు చూపించాలి. ఇంటికొచ్చాక ఆయన తాగే నీళ్లు గ్లాసుతో కొలవాలి. చుట్టూ కొబ్బరి తోటలే, అయినా బొండం అడిగితే, అందులో పొటాషియం ఎక్కువ కాబట్టి వద్దనాలి. పైగా తనకే జ్వరమొస్తే ఈయన్ని ఎవరు తీసుకెళ్తారన్న టెన్షన్. అన్నిటికన్నా నలిపేసేది అదే.

‘ఇంటిల్లిపాదీ ఉన్నారుగా, పని పంచుకునే ఉంటారు’ అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. పనుల్లేక ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా వండిపెట్టింది ఎక్కువగా ఆ భార్యో, కోడలో.