పొదుగు వాపు తగ్గినా పాలు తోడుకోలేదెందుకు?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. మా ముర్రా గేదెకు ఒక చన్ను గట్టిపడి పాలు విరిగినట్టు వస్తుంటే పశువైద్యుడు మూడు రోజులు సూది మందు వేసి, ఆ చన్నులోకి ట్యూబు మందు ఎక్కించారు. వాపు తగ్గింది. చివరి సూది వేసిన మర్నాడు మిగతా మూడు చన్నుల పాలు మరిగించి తోడు వేస్తే తెల్లవారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి. మందు ఇంకా పాలలో ఉందా? ఎన్ని రోజులు ఆగాలి? మనుషుల కోసం కొన్న యాంటీబయాటిక్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి, మళ్లీ వాపు వస్తే అవి మింగించవచ్చా? గేదెకు కొలిచే నట్టల మందునే బరువు లెక్కన మేకలకూ పోయవచ్చా? నొప్పి సూది కాళేశ్వరం వంతెన దాటి తెచ్చుకుంటే ఏది అడగాలి?

జవాబు: తోడు పాతబడటం, చలి, పొదుగు వాపు వల్ల పాలలో చక్కెర తగ్గి ఉప్పు పెరగడం వంటి కారణాల వల్ల కూడా పెరుగు సరిగా తోడుకోకపోవచ్చు. అయితే మీరు చెప్పిన క్రమాన్ని బట్టి ముందుగా అనుమానించవలసింది పాలలో మిగిలిన యాంటీబయాటిక్‌నే. పాలను పెరుగుగా మార్చేవి కూడా బ్యాక్టీరియాలే కాబట్టి, పొదుగులోని రోగకారక బ్యాక్టీరియాను చంపడానికి ఇచ్చిన మందు అతి కొద్దిగా మిగిలినా తోడులోని బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. పాలలో పెన్సిలిన్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ విధించిన గరిష్ఠ పరిమితి కిలో పాలకు 4 మైక్రోగ్రాములు మాత్రమే. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక మైక్రోగ్రాము.

కండలోకి ఎక్కించిన మందు అక్కడే నిలిచిపోదు, నేరుగా రోగమున్న చోటికీ పోదు. అది మెల్లగా రక్తంలోకి చేరుతుంది, రక్తం దాన్ని కాలేయం, మూత్రపిండాలు, కొవ్వు, పొదుగు అన్నింటికీ మోసుకుపోతుంది. ట్యూబు ద్వారా ఒక్క చన్నులోకి ఎక్కించిన మందు సైతం అక్కడి నుంచి రక్తంలోకి పీల్చుకోబడి, తిరిగి మిగతా మూడు భాగాల పాలలోకి చేరుతుంది. అందువల్లనే ఒక్క చన్నుకు వైద్యం చేసినా నాలుగు చన్నుల పాలనూ పక్కన పెట్టాలి. రైతులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మరిగిస్తే మందు పోతుందన్న నమ్మకమూ సరికాదు. ఇంటి పొయ్యి మీద పాలు పొంగించినంత మాత్రాన చాలా యాంటీబయాటిక్‌లు పూర్తిగా నశించవు, పెన్సిలిన్ పడని మనిషికి అటువంటి పాలు ప్రమాదం కూడా తెచ్చిపెట్టవచ్చు.

శరీరం మందును బయటికి పంపే పని కాలేయంతో మొదలవుతుంది. కొవ్వులో కరిగే మందులను కాలేయం నీటిలో కరిగే రూపంలోకి మారుస్తుంది, తర్వాత మూత్రపిండాలు వాటిని మూత్రంలోకి, కాలేయం పైత్యరసం ద్వారా పేడలోకి వదులుతాయి. కొంత పాలలోనూ బయటికి వస్తుంది. అయితే కాలేయం మార్చిన ప్రతి మందూ నిర్వీర్యమవుతుందని భావించకూడదు. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లో కొంత భాగం శరీరంలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌గా మారి పని చేస్తూనే ఉంటుంది. నట్టల మందు ఆల్బెండజోల్ కాలేయంలో మారిన తర్వాతే నట్టలపై ఎక్కువగా పని చేస్తుంది.

రక్తంలోని మందు సగానికి తగ్గేందుకు పట్టే కాలాన్ని బట్టి ఎన్ని గంటలకొకసారి సూది వేయాలో నిర్ణయిస్తారు. 100 పాళ్లు ఉన్న మందు అటువంటి ఒక కాలం గడిచేసరికి 50, మరొకటి గడిస్తే 25, అలా ఐదు కాలాలు గడిచేసరికి సుమారు 3 పాళ్లకు దిగుతుంది. సోడియం పెన్సిలిన్ పశువు రక్తంలో సుమారు గంటలోనే సగానికి పడిపోతుంది కాబట్టి దాన్ని రోజుకు పలుమార్లు వేయాలి. అదే పెన్సిలిన్‌ను ప్రొకైన్‌తో కలిపితే కండ నుంచి నెమ్మదిగా విడుదలై రోజుకు ఒక్క సూది సరిపోతుంది. దీర్ఘకాలం పనిచేసే ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఎక్కువ కాలం నిలిచే మందు పాలలోనూ ఎక్కువ కాలం కనిపిస్తుందన్న సంగతి మాత్రం సూదుల సంఖ్య తగ్గిందన్న సంతోషంలో తరచుగా మరుగున పడిపోతుంది.

ఎన్ని రోజులు ఆగాలన్న ప్రశ్నకు మొదటి సమాధానం మందు సీసాపైన లేదా ట్యూబు పెట్టెపైన ముద్రించిన, మందు వాడాక పాలు వాడకుండా ఆగవలసిన గడువే. ఆహారం కోసం పెంచే పశువుల మందులపై ఈ గడువును తప్పనిసరిగా పేర్కొనాలని 2012లో ఔషధ నియమాలను సవరించారు. ప్రత్యేకంగా గడువు ఇవ్వని మందుకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, కోడి, పశు మాంసం విషయంలో కనీసం 28 రోజులు పాటించాలని ఆ నియమం చెబుతోంది. లెక్క మొదలయ్యేది వాపు తగ్గిన రోజు నుంచి కాదు, చివరి సూది లేదా చివరి ట్యూబు వాడిన సమయం నుంచి. సూదికి ఒక గడువు, ట్యూబుకు మరొక గడువు ఉంటే రెండింటిలో ఆలస్యంగా ముగిసేదాన్నే పాటించండి. మోతాదు పెంచినా, రోజులు పొడిగించినా, పశువు మేత నీరు మానేసి నీరసించి ఉన్నా మందు ఆలస్యంగా బయటికి పోతుంది కాబట్టి, అటువంటప్పుడు గడువు ఎంత పెంచాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. తోడు పరీక్షను మాత్రం నమ్ముకోవద్దు; తోడుకోకపోతే అనుమానించడం సబబే గానీ, తోడుకున్నంత మాత్రాన మందు పరిమితికి లోపల ఉందని చెప్పలేము. గడువు ముగిసే వరకు ఆ పాలను కేంద్రంలో పోయవద్దు, ఇంట్లో వాడవద్దు, దూడకు కూడా తాగించవద్దు. కొద్ది కొద్దిగా అందే మందు వల్ల దూడ పేగుల్లో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది.

మనుషుల మాత్రల సంగతికి వస్తే, వాటిని గేదెకు మింగించవద్దు. పెద్ద పశువు పెద్ద పొట్టలో వంద లీటర్లకు పైగా మేత, నీరు, కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. నోటి ద్వారా ఇచ్చిన యాంటీబయాటిక్ అక్కడ పలచబడి పోతుంది, కొన్నింటిని ఆ సూక్ష్మజీవులే విరగ్గొడతాయి, మిగిలినది మేతను అరిగించే సూక్ష్మజీవులను చంపి పశువు నెమరు మానేసేలా చేస్తుంది. పొదుగుకు చేరవలసిన మోతాదు చేరకపోగా కొత్త జబ్బు తోడవుతుంది. పాలు తాగే లేదూడకు పెద్ద పొట్ట ఇంకా ఎదగదు కాబట్టి నోటి మందు పనిచేయగలదు, కానీ టెట్రాసైక్లిన్ రకం మందును పాలలో కలిపి ఇస్తే పాలలోని కాల్షియం దాన్ని పట్టి ఉంచి రక్తంలోకి చేరనివ్వదు. పుట్టిన మొదటి వారాల్లో దూడ కాలేయం, మూత్రపిండాలు పూర్తి సామర్థ్యంతో పనిచేయవు గనుక కొన్ని మందులు ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తాయి. తల్లికి తెచ్చిన మందులో కంటి అంచనాతో సగం దూడకు ఇవ్వడం అందుకే ప్రమాదకరం.

మేకల విషయంలో సమస్య దీనికి తలకిందులుగా ఉంటుంది. మేక కాలేయం చాలా మందులను గొర్రె, పశువుల కంటే వేగంగా మార్చి బయటికి పంపుతుంది. అందుకే ఫెన్‌బెండజోల్ వంటి నట్టల మందును కిలో బరువుకు గొర్రెకు ఇచ్చే దానికి సుమారు రెట్టింపు మేకకు సూచిస్తారు. లెవామిసోల్‌కు ఒకటిన్నర రెట్లే తగును, దాన్ని మించితే విషమవుతుంది. కనుక అన్ని మందులకూ ఒకే లెక్క కట్టకూడదు. మోతాదు చాలకపోతే బలహీనమైన నట్టలు చచ్చి, మందుకు లొంగనివి మిగిలి, మందలో అవే పెరుగుతాయి. కాటా లేకపోతే టేపుతో ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతనూ, భుజం నుంచి పిరుదు ఎముక వరకు పొడవునూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపై పొడవుతో గుణించి 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 28, పొడవు 26 అంగుళాలున్న మేక దాదాపు 31 కిలోలు తూగుతుంది. ఆ బరువు, మేక చూడిదో కాదో చెప్పి మోతాదు రాయించుకోండి. చూలు తొలి వారాల్లో ఆల్బెండజోల్ పిండానికి హాని చేయవచ్చు.

నొప్పి సూదిగా డైక్లోఫెనాక్ అడగవద్దు, ఇచ్చినా తీసుకోవద్దు. పశువులకు దాని వాడకాన్ని 2006లోనే నిషేధించారు. ఆ సూది వేసిన పశువు త్వరలోనే చనిపోతే కళేబరంలో మిగిలిన మందు తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. మీకు ప్రాణహిత అవతలి బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందులకు నదీ సరిహద్దు ఉండదు కదా. ఎసిక్లోఫెనాక్ పేరు వేరైనా పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. 2023లో దాన్నీ, కీటోప్రొఫెన్‌నూ పశువులకు నిషేధించారు. వైద్యుడి చీటీతో మెలాక్సికామ్ అడిగి, సీసా మీద మందు పేరు మీరే చదివి చూసుకోండి. దానికీ పాల గడువు ఉంటుంది కాబట్టి ఏ రోజు, ఏ పూట, ఎన్ని మిల్లీలీటర్లు వేశారో కొట్టం గోడ మీద రాసి పెట్టుకోండి.