హిస్టెరెక్టమీ అని రాసేముందు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. బాగా చదువుకుని రాశావు. ఒక్క వాక్యం మాత్రం ఒప్పుకోలేను: "హిస్టెరెక్టమీ అంటే స్త్రీ జననాంగాలను తొలగించడం." వచ్చే వారం ఆపరేషన్ ఉన్న మనిషి అది చదివితే ఎంత టెన్షన్ పడుతుందో ఆలోచించు.

ఆ మాట పుట్టుకలోనే దాని హద్దు ఉంది. గ్రీకులో హిస్టెరా అంటే గర్భాశయం, ఎక్టొమె అంటే కోసి తీయడం. అండాశయాల ఊసే లేదు. వాటిని తీస్తే ఊఫొరెక్టమీ అని వేరే పేరు. చాలామందికి ఈ తేడా తెలియక రెండూ ఒకటే అనుకుంటారు. గర్భసంచి తీస్తే నెలసరి ఆగిపోతుంది, ఇక గర్భం రాదు. అండాశయాలు ఉంచితే హార్మోన్లు తయారవుతూనే ఉంటాయి. నెలసరి ఇంకా ఆగని వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది. గర్భాశయ ముఖద్వారం ఉంచారో తీశారో కూడా అడిగి తెలుసుకోమని రాయి. ఉంచితే దాని క్యాన్సర్ పరీక్షలు మానకూడదు.

ముందు "గర్భసంచి తీసే ఆపరేషన్" అని రాసి, ఆ తర్వాతే వైద్యుల మాట చెప్పు. సంస్కృత సమాసం ఒకటి కొత్తగా కట్టాలని చూడకు, అది ఎవరి నోటా పలకదు.

ఇంకొకటి. నీ వ్యాసంలో ఒకావిడ "హిస్టీరియా వచ్చినట్టు" ఏడ్చింది. ఆ మాటా హిస్టెరా నుంచే వచ్చింది. గర్భాశయం ఒంట్లో అటూ ఇటూ తిరిగి జబ్బులు తెస్తుందని ప్రాచీన గ్రీకులు నమ్మేవారు, ప్లేటో కూడా దాన్ని పిల్లల కోసం తపించే ఒక ప్రాణిలా వర్ణించాడు. రెండో శతాబ్దంలోనే సోరానస్ అనే వైద్యుడు అది మృగంలా తిరగదని రాశాడు. అయినా ఆ పేరు చెప్పి ఆడవాళ్ల బాధల్ని శతాబ్దాల పాటు కొట్టిపారేశారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం నుంచి హిస్టీరియా అనే జబ్బు పేరును తీసేసింది 1980లో. అంత ఆలస్యంగా! నొప్పితో ఏడ్చే మనిషికి ఆ పేరు మళ్లీ నువ్వు తగిలించకు. "వెక్కి వెక్కి ఏడ్చింది" అను, చాలు.

దిద్దిన ప్రతిని అచ్చుకిచ్చే ముందు ఒక గైనకాలజిస్టుకు చూపించు. ఆ తర్వాత నాకూ పంపు, చదువుతాను.