జైలుకెళ్లిన నేతకు 'లార్డ్' బిరుదు ఎందుకు పోలేదు?

బ్రిటన్‌లో ఇచ్చిన బిరుదును వెనక్కి తీసుకోగలరా అనేది ఏ బిరుదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 'సర్' అనిపించుకునే నైట్‌హుడ్ తీసేయడం తేలికే. దీనికి ఫర్ఫీచర్ కమిటీ అని ఒకటుంది, అది సిఫార్సు చేస్తే రాజో రాణో రద్దు చేస్తారు. జింబాబ్వే నేత ముగాబేకు 1994లో ఇచ్చిన గౌరవ నైట్‌హుడ్ 2008లో ఇలాగే పోయింది. రొమేనియా నియంత చౌషెస్కుది 1989లో, సరిగ్గా ఆయన కూలిపోతున్న వేళ పోయింది. అప్పటిదాకా గుర్తురాలేదేమో!

'లార్డ్' సంగతి వేరు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవాలంటే పార్లమెంటు చట్టమే చేయాలి. 1917లో ఒకటి చేశారు, కానీ అది మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుపక్షం చేరినవాళ్ల కోసం. అందుకే మాజీ ఎంపీ జెఫ్రీ ఆర్చర్ కోర్టులో అబద్ధపు సాక్ష్యం కేసులో 2001లో నాలుగేళ్ల శిక్ష పడినా లార్డ్‌గానే మిగిలారు. పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సీటు కూడా పోలేదు. 2014 చట్టం వచ్చాక ఏడాదికి మించి జైలుశిక్ష పడితే సభ్యత్వం పోతోంది. పేరు ముందు 'లార్డ్' మాత్రం అలాగే ఉంటుంది.