రోగం లేనప్పుడే పాలసీ ఇస్తారు

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నాకు 44, మా ఆవిడకు 41, ఇద్దరు పిల్లలు. నా జీతం నెలకు 92 వేలు. ఆవిడ పదేళ్లుగా తెల్లవారుజామునే లేచి యోగా చేస్తుంది, బయటి తిండి ముట్టదు. అలాంటి మనిషికి ఏడు నెలల కిందట రొమ్ము క్యాన్సర్, స్టేజ్ 2, హెర్2 పాజిటివ్ రకం అన్నారు. ఆఫీసు గ్రూప్ పాలసీలో ఉన్న 5 లక్షలు కీమో, ఆపరేషన్‌తోనే అయిపోయాయి. తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాను. క్రెడిట్ కార్డు మీద లక్షన్నర బాకీ ఉంది. ఆ రకం క్యాన్సర్‌కు మూడు వారాలకొకటి చొప్పున వేసే ట్రాస్టుజుమాబ్ మందు ఇంజెక్షన్లు ఇంకా 13 మిగిలాయి. వాటికోసం 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. 2021లో ఒక ఏజెంట్ 10 లక్షల ఫ్యామిలీ పాలసీ ఏడాదికి 18 వేలకు ఇప్పిస్తానంటే, మాకేం జబ్బులున్నాయని వద్దన్నాం. షాద్‌నగర్ దగ్గర 150 గజాల ప్లాటు, ఇంట్లో 20 తులాల బంగారం ఉన్నాయి. ఏం చేయమంటారు? అసలు మేం చేసిన తప్పేమిటి?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదేనని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఆరోగ్యం విషయంలో మీ ఆవిడ ఏ తప్పూ చేయలేదండీ. ఒంట్లో కణాలు విడిపోయి కొత్తవి పుట్టేటప్పుడు డీఎన్‌ఏలో పొరపాట్లు జరుగుతుంటాయి. క్యాన్సర్లలో కనిపించే జన్యు మార్పుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా వాటంతటవే వచ్చినవేనని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు టొమాసెట్టి, వోగెల్‌స్టీన్ 2017లో లెక్కగట్టారు. మంచి అలవాట్లు, ముందుజాగ్రత్తలతో 30 నుంచి 50 శాతం క్యాన్సర్లను ఆపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిగతావి ఎంత నిష్ఠగా బతికినా వచ్చేవే. ఆమె యోగా వృథా పోలేదు, మానొద్దని చెప్పండి. ఎవరైనా బంధువులు వచ్చి ఏం తిన్నావమ్మా, ఎందుకొచ్చిందని ఆరా తీస్తే మాట మార్చేయండి.

తప్పు జరిగింది డబ్బు విషయంలో, 2021లో. ‘మాకేం జబ్బులున్నాయి’ అన్న మాట నేను వారానికి రెండుసార్లయినా వింటాను. మీ ఉత్తరం ఎంచుకున్నది కూడా అందుకే. నడక, యోగా, ఇంటి తిండి ఉన్నవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు. జబ్బులేమీ లేనివాళ్లకే బీమా కంపెనీ తక్కువ ప్రీమియంతో, పేచీ లేకుండా పాలసీ ఇస్తుంది. బయాప్సీ రిపోర్టు వచ్చాక అదే కంపెనీ దరఖాస్తు తిప్పి పంపొచ్చు. ఒకవేళ ఇచ్చినా ఆ జబ్బుకు 36 నెలల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే ఆ గడువు దాటేదాకా దానికి క్లెయిమ్ ఇవ్వరు. మీరు ఆ ఏడాదే చేరి ఉంటే వెయిటింగులన్నీ ఎప్పుడో దాటిపోయేవి. ఇవాళ మీ చేతిలో 10 లక్షల కవర్ ఉండేది.

ఆఫీసు పాలసీ ఉంది కదా అనుకున్నారు. 5 లక్షలు, నలుగురికి కలిపి. అపెండిక్స్ ఆపరేషన్‌కు అది చాలు. క్యాన్సర్ ఒక్కసారి ఆస్పత్రిలో చేరి ఇంటికొస్తే అయిపోయే జబ్బు కాదు, ఏడాది, ఏడాదిన్నర బిల్లులు వస్తూనే ఉంటాయి. పైగా ఉద్యోగం పోతే ఆ పాలసీ కూడా పోతుంది. అందుకే ఆఫీసు కవర్ ఎంత ఉన్నా సొంత పాలసీ ఉండాలని నేను పట్టుబడతాను. అదేదో అదనపు ఖర్చని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు అప్పులు. నాలుగు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12 వేలు. కార్డు వాళ్లు మామూలుగా వేసే మూడున్నర శాతం చొప్పున లక్షన్నరకు ఇంకో 5,250. మొత్తం 17,250. ఒక్క నెల వడ్డీ దాదాపు మీరు వద్దన్న ఏడాది ప్రీమియం అంత! ఇంట్లో 20 తులాల బంగారం పెట్టుకుని మూడు రూపాయల వడ్డీకి ఎందుకు వెళ్లారండీ? అమ్మాయి పెళ్లికని దాచి ఉంటారు, నాకు తెలుసు. కానీ ఆ బంగారం కొన్నది ఇలాంటి రోజు కోసం కూడా. అందులో సగం ప్రభుత్వ బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి లోపు వడ్డీకే ఐదున్నర లక్షలు వస్తాయి. ఈ వారంలోనే ఆ రెండు బాకీలూ తీర్చేయండి. అప్పిచ్చినాయన దగ్గర ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోవద్దు. పర్సనల్ లోన్ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఈఎంఐ మొదలయ్యాక ఆగదు, మీ జీతం చూస్తే అంత బరువు మోయలేదు.

13 ఇంజెక్షన్లకు డబ్బు ఎక్కడిదంటారా? ముందు హెచ్‌ఆర్‌ను కలిసి మూడు సంగతులు అడగండి. గ్రూప్ పాలసీ రెన్యువల్ తేదీ ఎప్పుడు? ఎక్కువ పాలసీల్లో రెన్యువల్‌తో కవర్ మళ్లీ కొత్తగా మొదలవుతుంది. ఇంకా తొమ్మిది నెలల ఇంజెక్షన్లు ఉన్నాయి కాబట్టి వాటిలో కొన్నయినా కొత్త ఏడాదిలోకి వచ్చే అవకాశం ఉంది. రెండోది, కార్పొరేట్ బఫర్ ఉందా? కవర్ అయిపోయిన ఉద్యోగుల కోసం చాలా కంపెనీలు విడిగా కొంత సొమ్ము పెడతాయి. అడిగినవాళ్లకే అది అందుతుంది. మూడోది, మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లకు సబ్‌లిమిట్, అంటే మొత్తం కవర్‌లో వాటికి ఇచ్చే గరిష్ఠ పరిమితి, ఎంత? ట్రాస్టుజుమాబ్ ఆ కోవలోదే. ఈ చికిత్స పూర్తయ్యేవరకు ఉద్యోగం మారొద్దు. డాక్టర్‌ను కూడా అడగండి, మన దేశంలో తయారయ్యే ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌కు, అంటే అసలు మందుకు సమానంగా వేరే కంపెనీ చేసే మందుకు, ధర చాలా తక్కువ. అలా అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ప్లాటు అమ్మకానికి పెట్టండి. కొనేవాడు దొరికి రిజిస్ట్రేషన్ అయ్యేసరికి నెలలు పడుతుంది, అవసరం నెత్తిమీదకొచ్చాక అమ్మితే అవతలివాడు అడిగిన ధరకే ఇచ్చేయాలి. ఆ డబ్బుతో బంగారం విడిపించి, ఆరు నెలల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో వేయండి. ఆస్పత్రికి ఆటోలు, మీ సెలవుల వల్ల తగ్గే జీతం, ఇలాంటివి మామూలు ఆరోగ్య పాలసీల్లో రావు. పీఎఫ్‌లో వైద్యం కోసం అడ్వాన్స్ తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు, కానీ దాన్ని చివరికి ఉంచండి.

మీరు అడగని సంగతి ఒకటుంది. మీకూ పిల్లలకూ ఇప్పటికీ సొంత పాలసీ లేదు! ఇంట్లో ఇంత జరిగాక కూడా నాకేం జబ్బు లేదని ఊరుకుంటారేమోనని నా టెన్షన్. మీ ముగ్గురి పేరా 10 లక్షల ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే కవర్), దానిపైన సూపర్ టాపప్ (బిల్లులు ఒక పరిమితి దాటాక ఆపై ఖర్చు ఇచ్చే పాలసీ) ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత ఆరోగ్య పాలసీల మీద జీఎస్‌టీ కూడా లేదు. దరఖాస్తులో మీ బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు ఏవి ఉన్నా దాచకుండా రాయండి. ఏజెంట్ వద్దన్నా రాయండి. మీ ఆవిడకు కూడా చికిత్స అయ్యాక ఒకటికి నాలుగు కంపెనీల్లో అడగాలి. గ్రూప్ పాలసీ ఇచ్చిన కంపెనీలోనే సొంత పాలసీకి మారే వీలుందేమో ముందుగా కనుక్కోండి, ఉద్యోగం మానే రోజుకు అది తెలిసి ఉండాలి.