కుర్చీలో కూర్చోనంటాడు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం ఉంది. పూసలు గుచ్చమన్నా, పజిల్ ముందు పెట్టినా రెండు నిమిషాలకే లేచిపోతాడు. చాక్లెట్ ఇస్తానన్నా అటు చూడడు. ఫోన్ ఇస్తే కూర్చుంటాడు కానీ, మళ్లీ తీసుకునేటప్పుడు ఇల్లంతా యుద్ధమే. పైగా ప్రతిదానికీ లంచం అలవాటు చేస్తున్నానని మా అత్తగారు సాధిస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చాక్లెట్ బహుమతి అని మీరనుకున్నారమ్మా, వాడనుకోలేదు. ఒక పూట వాడిని వాడి మానాన వదిలేసి, దేని దగ్గరికి పదే పదే వెళ్తున్నాడో చూడండి. గుంటూరు బ్రాడీపేట నుంచి నా దగ్గరికి వచ్చే ఓ పిల్లాడికి హార్లిక్స్ సీసా మూత గిరగిరా తిరగడం చూస్తే చాలు, పండగే. పూసల పళ్లెం పక్కన ఆ మూత పెట్టి "ముందు పూసలు, తర్వాత మూత" అంటాను, అంతే. మూడో పూస దారంలోకి ఎక్కగానే "భలే గుచ్చావు!" అంటూ మూత తిప్పేస్తాను. కాస్త ఆలస్యమైతే వాడు కిటికీ దగ్గర ఉంటాడు. అప్పుడిస్తే కిటికీ దగ్గరికి వెళ్లినందుకు ఇచ్చినట్టవుతుంది. ఇష్టమైన పనిని ఎరగా పెట్టి ఇష్టం లేని పని చేయించవచ్చని 1959లో డేవిడ్ ప్రీమాక్ అనే అమెరికా సైకాలజిస్టు పరిశోధన చేసి మరీ చెప్పాడు. మన అమ్మమ్మలకి అది ముందే తెలుసనుకోండి.

మీవాడు రెండు నిమిషాలు కూర్చుంటున్నాడు కదా, నిమిషంలో అయిపోయే పనే ఇవ్వండి. వాడు లేవకముందే పని పూర్తి కావాలి. అది కుదురుకున్నాక కొంచెం కొంచెం పెంచండి. తర్వాత ప్రతిసారీ బహుమతి అక్కర్లేదు. ఒక్కో పనికి వాడి చేత గిన్నెలో ఒక చింతగింజ పెట్టించి, ఐదు గింజలు కాగానే లిఫ్ట్‌లో పైకీ కిందకీ ఓసారి తిప్పండి. గింజలు నోట్లో పెట్టుకునే అలవాటుంటే స్టిక్కర్లు వాడండి.

ఫోన్ జోలికి పోకండి, దానికి అంతుండదు. సబ్బు బుడగలు, కీ ఇచ్చే బొమ్మ వాటంతటవే ఆగిపోతాయి, లాక్కునే పని ఉండదు. అయితే బెదిరినప్పుడు వాడు గుండెకి హత్తుకునే వస్తువేదైనా ఉంటే దాన్ని మాత్రం బేరానికి పెట్టొద్దు.

ఏడుపు ఆపించడానికి ఇస్తే మీ అత్తగారన్న మాట నిజమే. ముందే చెప్పి, పని అయ్యాక ఇస్తే తప్పేం లేదు. బుడగల సీసా ఆవిడ చేతికే ఇచ్చి చూడండి.

ఇంత చేసినా లేచిపోతుంటే పని మరీ కష్టమైందేమో, పక్కన వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తోందేమో గమనించండి. చాలామంది ఆటిజం పిల్లలు ఆ మోత భరించలేరు. కుక్కర్ దించాకే కూర్చోబెట్టండి.