టమాటాలో వచ్చింది ‘కొత్త వైరస్’ అని ఎలా తేలుస్తారు?

ప్రశ్న సారాంశం: చింతామణి దగ్గర నాన్నగారికి టమాటా తోట ఉంది. వైరస్‌ను తట్టుకునే హైబ్రిడ్ అని చెప్పి నారు ఇచ్చారు. అయినా చిగుర్లు ముడుచుకుపోయాయి, కాయల మీద పసుపు వలయాలు వచ్చాయి. మందుల షాపాయన ‘ఇది కొత్త వైరస్, దీనికి మందు వేరే’ అంటున్నాడు. అది నిజంగా కొత్తదో కాదో ఎలా తెలుస్తుంది? బెంగళూరులో ఎవరు చూస్తారు? ఆ కాయలు తినొచ్చా?

నేను బెంగళూరులోనే ఒక విత్తన కంపెనీ ల్యాబ్‌లో మొక్కల వైరస్ పరీక్షలు చేస్తుంటాను. మాది మదనపల్లె వైపు. టమాటా రేటు లేచినా పడినా మా ఇంటి నుంచి ఫోన్ వస్తుంది కాబట్టి మీ టెన్షన్ అర్థమైంది.

ముందు షాపాయన మాట సంగతి. మొక్కలోకి చేరిన వైరస్‌ను చంపే మందు ఏ షాపులోనూ లేదు. మనం కొట్టేదంతా దాన్ని మోసుకొచ్చే పురుగు మీదికే. కాబట్టి ‘కొత్త వైరస్, కొత్త మందు’ అని ఎవరైనా అంటే డబ్బు తీయకుండా ఇంటికి వచ్చేయండి.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా మొదటి అనుమానం, ఒకే తోటలో రెండు పాత వైరస్‌లు కలిశాయని. చిగురు ముడత తెల్లదోమ తెచ్చే బెగోమోవైరస్‌ల పని అయి ఉండొచ్చు. వాటిలో ఒకదానికి మన ఊరి పేరే ఉంది, టొమాటో లీఫ్ కర్ల్ బెంగళూరు వైరస్. కాయ మీద వలయాలు మాత్రం ఎక్కువగా మొవ్వుకుళ్లు వైరస్ పని. వేరుశనగలో మన రైతులకు బాగా తెలిసినదే, తామర పురుగులు మోస్తాయి. పిల్లపురుగుగా ఉన్నప్పుడు జబ్బు మొక్క రసం తాగితేనే అది పెద్దయ్యాక వైరస్‌ను అంటించగలదు. అందుకే గట్ల మీద కలుపు వదిలేసిన చోట ఇది ఎక్కువ.

‘వైరస్ తట్టుకునే హైబ్రిడ్’ అన్నప్పుడు ఏ వైరస్ అని అడగాలి. మార్కెట్లో ఆ పేరుతో దొరికే వాటిలో చాలావాటికి ఉన్నది టీవై జన్యువులు. అవి ఆకుముడత మీద పనిచేస్తాయి, మొవ్వుకుళ్లుకు అడ్డం కావు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ల అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడతతో పాటు బ్యాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడును కూడా తట్టుకుంటుంది. అయినా కాయల మీద వలయాలు తెచ్చే వైరస్ ఆ లిస్టులో లేదు. ప్యాకెట్ మీద రాసింది అబద్ధం కాకపోవచ్చు, సగమే రాసి ఉండొచ్చు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. అసలు వైరసే కాకపోవచ్చు. ఆకులు సన్నగా దారాల్లా సాగిపోయి వచ్చిన ఒక శాంపిల్ నాకు బాగా గుర్తు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ వస్తే ఆకు అచ్చం అలాగే అవుతుంది. పరీక్షల్లో ఏమీ దొరకలేదు. రైతును తిరిగి అడిగితే, రాగి చేనులో 2,4-డి కలుపు మందు కొట్టిన పంపునే కడగకుండా టమాటాకు వాడారని తేలింది. ఆ మందు టమాటాకు చుక్క చాలు. తరవాత వచ్చిన చిగుర్లు మామూలుగా తేరుకున్నాయి. వైరస్ అయితే చిగురు సాధారణంగా అలా తేరుకోదు. నల్లి కొట్టినా ఆకు కిందికి ముడుచుకుంటుంది, మిరప రైతులు కింది ముడత అంటారే, అదే. ల్యాబ్‌కు రాకముందే ఒక భూతద్దంతో ఆకు వెనక చూసుకుంటే సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

ఇక మీ అసలు ప్రశ్న, కొత్తదని ఎలా తేలుస్తారు.

‘కొత్త’ అనే మాటలో చాలా కలిసిపోతుంటాయి. టొమాటో లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్ మనకు 1990ల నుంచే తెలుసు. అదే 2012లో స్పెయిన్‌లో జుకినీ మీద కనబడితే వాళ్లకది కొత్తది, సైన్స్‌కు కాదు. కొన్నిసార్లు వైరస్ పాతదే, పంట కొత్తది. 2000లో అనంతపురం జిల్లాలో జరిగింది ఇదే. వేరుశనగ సుమారు 2.25 లక్షల హెక్టార్లలో మాడిపోయింది, నష్టం 300 కోట్ల రూపాయల పైమాట. చూడటానికి మొవ్వుకుళ్లులాగే ఉండటంతో మొదట అందరూ అదే అనుకున్నారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్, ఆ పుప్పొడిని ఒంటికి పూసుకుని తిరిగే తామర పురుగులు, అవి కొరికిన గాటు, దాని గుండా లోపలికి. పురుగు మందు ఒక్కటే చాలదని, గట్ల మీద వయ్యారిభామను పీకాలని తెలిసింది ఆ పరీక్ష వల్లే. పేరు సరిగ్గా తెలిస్తే రైతుకు ఒరిగేదేమిటి అని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెప్తాను.

ల్యాబ్‌లో మొదట చేసేది తెలిసినవాటిని ఒక్కొక్కటిగా తీసేయడం. వైరస్‌ను పట్టే యాంటీబాడీలు పూసిన స్ట్రిప్‌ను ఆకు రసంలో ముంచితే నిమిషాల్లో గీత పడుతుంది, లేదా పడదు. ఎలైసా కూడా యాంటీబాడీలతో చేసే పరీక్షే, ఎక్కువ శాంపిళ్లకు పనికొస్తుంది. ఈ రెండిటికీ ఒక ఇబ్బంది ఉంది. దగ్గరి చుట్టాలైన వైరస్‌లను అవి చాలాసార్లు వేరుచేయలేవు. తరవాత పీసీఆర్, అంటే వైరస్ జన్యు పదార్థంలో ఒక ముక్కను లక్షల కాపీలు చేసి పట్టుకోవడం. ఒక్క వైరస్‌కే కాక, ఒక ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మొత్తానికి సరిపోయేలా రాసిన ప్రైమర్లు, అంటే ఆ ముక్కను వెతికి పట్టే చిన్న డీఎన్ఏ తునకలు, ఉంటాయి. వాటితో ఏదైనా పట్టుబడితే అది ఏ ఇంటిదో తెలుస్తుంది.

బెగోమోవైరస్‌ల విషయంలో నాకిష్టమైన పద్ధతి ఇంకొకటుంది. వీటి డీఎన్ఏ గుండ్రంగా, సుమారు 2,700 అక్షరాల పొడవుంటుంది. ఫై29 అనే ఎంజైమ్ గుండ్రటి డీఎన్ఏ దొరికితే దాని చుట్టూ తిరుగుతూ కాపీలు తీస్తూనే ఉంటుంది. ముందుగా వైరస్ పేరు మనకు తెలియాల్సిన పనిలేదు. ఆ కాపీల పేటను సరైన ఎంజైమ్‌తో కోసి ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద నడిపిస్తే 2.7 వేల అక్షరాల దగ్గర ఒక గీత వెలుగుతుంది. దాని కింద 1.3 వేల దగ్గర ఇంకో సన్నటి గీత కనబడితే, వైరస్‌తో పాటు బీటాశాటిలైట్ (వైరస్ మీద ఆధారపడి బతికే చిన్న డీఎన్ఏ) కూడా ఉందేమోనని చూస్తాం. అది ఉంటే చాలాసార్లు ముడత ముదురుతుంది. టీవై జన్యువులున్న హైబ్రిడ్ కూడా ముడుచుకుందని వచ్చిన ఒక శాంపిల్‌లో మాకు దొరికింది ఇదే. రెండు పాత బెగోమోవైరస్‌లు, ఒక శాటిలైట్. కొత్తది ఏదీ లేదు.

ఏ పరీక్షకూ చిక్కకపోతే అప్పుడు సీక్వెన్సింగ్, అంటే జన్యు అక్షరాలను వరసగా చదవడం. ఆకులోని ఆర్‌ఎన్‌ఏ మొత్తం తీసి చదివిస్తారు. వచ్చే దానిలో అత్యధికం టమాటాదే. టమాటా జీనోమ్ (జన్యు అక్షరాల మొత్తం) 2012లోనే బయటికి వచ్చింది, అందులో 5వ క్రోమోజోమ్ చదివింది మన దేశపు శాస్త్రవేత్తలే. ఆ జీనోమ్‌తో సరిపోయేవన్నీ పక్కన పెడితే మిగిలిన కొంచెంలో వైరస్ ఉంటుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలను మాత్రమే చదివే పద్ధతి మరీ ముచ్చటైనది. మొక్క తనను తాను కాపాడుకోవడానికి వైరస్ ఆర్‌ఎన్‌ఏను 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా నరుకుతుంది. చింపేసిన ఉత్తరాన్ని అతికించి చదివినట్టు, కంప్యూటర్ ఆ ముక్కలన్నీ పేర్చి వైరస్‌ను బయటికి లాగుతుంది. చిలగడదుంపలో ఇలా చేసి చూపించిన పరిశోధన 2009లో వచ్చింది.

పేర్చిన దాన్ని జెన్‌బ్యాంక్‌లో, అంటే ఇప్పటిదాకా చదివిన జన్యు అక్షరాల బహిరంగ భాండాగారంలో, ఉన్నవాటితో పోలుస్తారు. అక్షరాలు పోల్చినప్పుడు ఏదీ సరిపోకపోతే, వాటి నుంచి తయారయ్యే ప్రొటీన్‌ను పోల్చి చూస్తారు. ప్రొటీన్ నెమ్మదిగా మారుతుంది కాబట్టి దూరపు చుట్టరికం అక్కడ బయటపడుతుంది. ఎంత తేడా ఉంటే కొత్తదనే లెక్క కూడా ఉంది. బెగోమోవైరస్‌లో ప్రధాన డీఎన్ఏ అయిన డీఎన్ఏ-ఎ మొత్తం చదివాక, తెలిసిన దేనితోనైనా 91 శాతం అంతకు మించి పోలితే అది పాత జాతే. అంతకంటే తక్కువైతే కొత్త జాతి. ఒక జన్యువులో ముక్క చదివి ‘కొత్త వైరస్’ అని ప్రకటించే పేపర్లు ఇప్పటికీ వస్తుంటాయి. నేను వాటిని నమ్మను. ఈ వైరస్‌లు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి. ఒక ముక్క చూసి జాతి చెప్పడం కుదరదు.

నిజంగా కొత్తది ఎలా దొరుకుతుందో చూడాలంటే టొమాటో బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ కథ చూడండి. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో గ్రీన్‌హౌస్ టమాటాల్లో కనబడింది. దశాబ్దాలుగా టొమాటో మొజాయిక్ వైరస్‌ను ఆపుతూ వచ్చిన టీఎం-2 స్క్వేర్ జన్యువు ఉన్న రకాలకే జబ్బు వచ్చింది. ఆ కుటుంబపు వైరస్‌లను పట్టే యాంటీబాడీలతో పరీక్షిస్తే పాజిటివ్. తట్టుకోవాల్సిన మొక్క తట్టుకోలేదు, పరీక్ష మాత్రం పాత పేరే చెప్తోంది. ఇలాంటి పొంతన లేని చోటే వెతకాలి. జీనోమ్ మొత్తం చదివితే దగ్గరి చుట్టమైన టొబాకో మొజాయిక్ వైరస్‌తో పోలిక 82 శాతమే. ఆ కుటుంబంలో కొత్త జాతి అనే గీత 90 శాతం దగ్గర ఉంది. ఈ వైరస్ విత్తనంతో, చేతులతో, కత్తెరతో పాకుతుంది కాబట్టి 2019లో యూరప్ అత్యవసర నిబంధనలు పెట్టింది. మా కంపెనీ ల్యాబ్‌లో విత్తనాల పరీక్ష పని పెరగడానికి కారణం కూడా ఇదే.

సీక్వెన్స్ దొరికినంత మాత్రాన పని అయిపోదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సదరన్ టొమాటో వైరస్ అని ఒకటుంది. విత్తనంతో వస్తుంది, జబ్బు లేని టమాటా మొక్కల్లోనూ దొరుకుతుంది. జబ్బు మొక్కను చదివి, దానిలో ఇది కనబడగానే ‘దొంగ దొరికాడు’ అంటే ఎలా? అందుకే అదే తోటలోని బాగున్న మొక్క ఆకు కూడా కావాలి. ఆ తరవాత వైరస్‌ను ఒంటరిగా వేరుచేసి, ఆరోగ్యమైన టమాటా నారుకు ఎక్కించి, అవే లక్షణాలు వచ్చాయని, మళ్లీ అదే వైరస్ దొరికిందని చూపించాలి. మొవ్వుకుళ్లు లాంటిదైతే కొంత తేలిక. జబ్బు ఆకును చల్లటి బఫర్‌లో నూరి, అలసంద మొలకల తొలి ఆకుల మీద ఆకును సన్నగా గీకే కార్బొరండం పొడి చల్లి, ఆ రసాన్ని వేలితో మెల్లగా రుద్దితే నాలుగైదు రోజుల్లో చుక్కలు లేస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో వైరస్ దూరిన చోటు. బెగోమోవైరస్‌లు చాలావరకు ఇలా రుద్దితే అంటవు. వాటి డీఎన్ఏను, మొక్కలోకి డీఎన్ఏ చేర్చగల ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాలో పెట్టి ఎక్కించాలి, దానికి నెలలు పడుతుంది.

శాంపిల్ గురించి ఒక మాట. బస్సులో పార్సిల్‌గా వచ్చేవాటిలో సగం ప్లాస్టిక్ కవర్‌లో చెమట పట్టి కుళ్లిపోయి ఉంటాయి. వాటిలో బూజు తప్ప ఏమీ దొరకదు. చిగురుకు దగ్గరి లేత ఆకులు కోసి, పొడి పేపర్‌లో చుట్టి, అప్పుడు కవర్‌లో పెట్టండి. ఐస్ ప్యాక్ పక్కన ఉంచండి కానీ గడ్డకట్టించొద్దు. ముడత ఉన్న మొక్క, వలయాల కాయ ఉన్న మొక్క, బాగున్న మొక్క, మూడూ వేరువేరుగా, పేర్లు రాసి. రకం పేరు, నాటిన తేదీ, పక్క చేనులో పంట, కొట్టిన మందులు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం చాలాసార్లు మిషన్ కంటే ఎక్కువ చెప్తుంది. హెసరఘట్టలో ఐఐహెచ్‌ఆర్, ఎలహంక దారిలో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం, రెండు చోట్లా మొక్కల వైరస్ మీద పనిచేసేవాళ్లున్నారు. వెళ్లేముందు ఫోన్ చేసి శాంపిల్ ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోండి, శుక్రవారం సాయంత్రం తీసుకెళ్తే సోమవారం దాకా పడి ఉంటుంది. సీక్వెన్సింగ్ వేలల్లో ఖర్చు, మీ డబ్బుతో అది చేయించొద్దు. మామూలు పరీక్షలకు చిక్కకపోతే వాళ్లకే ఆసక్తి పుడుతుంది.

కాయలు తినొచ్చు. రుచి, రంగు బాగోక మార్కెట్లో రేటు రాదు, అంతే. మొక్కల వైరస్ మనిషికి జబ్బు తేదు. క్యాప్సికమ్, మిరపలో ఉండే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ మన కడుపులోంచి ఎంత మామూలుగా వెళ్లిపోతుందంటే, నీళ్లలో మురుగు కలిసిందా అని చూడటానికి దాన్నే గుర్తుగా వాడతారు. 2020లో మహారాష్ట్రలో కాయలు రంగులు మారితే టీవీలు నానా హడావిడి చేశాయి. శాంపిళ్లు ఇక్కడికే, ఐఐహెచ్‌ఆర్‌కే వచ్చాయి, ప్రధానంగా దొరికింది పాత కుకుంబర్ మొజాయిక్ వైరసే. 2022లో కేరళ పిల్లల్లో వచ్చిన ‘టమాటా ఫ్లూ’కు టమాటాతో ఏ సంబంధమూ లేదు. అది చేతులు, కాళ్లు, నోటి మీద పొక్కులు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు. బొబ్బలు ఎర్రగా గుండ్రంగా ఉన్నాయని ఆ పేరు పెట్టారు.

ఈలోగా నాన్నగారితో చెప్పి, బాగా ముడుచుకున్న మొక్కలను పీకి తోట బయట పూడ్చేయించండి. గట్ల మీద వయ్యారిభామ ఉంటే అది కూడా, పూత రాకముందే. మీరు పెట్టిన ఫోటోలో కాయలే ఉన్నాయి. చిగురు ఫోటో ఒకటి, ఆకు వెనక వైపు ఒకటి, జబ్బు మొక్కలు తోటలో ఒక పక్కనే ఉన్నాయా అంతటా చెదిరి ఉన్నాయా అన్న వివరం పెడితే, ల్యాబ్‌కు వెళ్లాలో వద్దో కొంచెం గట్టిగా చెప్పగలను.