పాట రావట్లేదంటే విశ్వాసం పోయినట్టా?

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు. 2018లో తిత్లీ తుపానుకి మా జీడితోట నేలకొరిగింది. ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి అంటుమొక్కలు వేశాం. కాపుకొచ్చాయనుకుంటే పోయినేడు పూత మాడిపోయింది. అత్తగారు పక్షవాతంతో మంచం పట్టి మూడేళ్లయింది, అన్నీ నేనే చూడాలి. మా ఆయన మంచివాడే గానీ నోరు విప్పడు. పదిహేనేళ్లుగా గుళ్లో కీర్తనలు నేనే ఎత్తేదాన్ని, ఇప్పుడు నోరు తెరిస్తే ఏడుపొస్తోంది. రాత్రి రెండు మూడు గంటలకి మించి నిద్ర లేదు. ప్రభువు తీసుకెళ్లిపోతే బాగుణ్ణనిపిస్తోంది. స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ, ‘ఆనందం పోయిందంటే నీలో ఒప్పుకోని పాపమేదో ఉంది, ఉపవాసముండి విత్తన కానుక వెయ్యి’ అంది, అంటే దీవెన వస్తుందని ముందే వేసే డబ్బు. అప్పట్నుంచి ఇంకా భయంగా ఉంది. నా ఆనందం మళ్లీ వస్తుందా? చెల్లెలిలా అనుకుని చెప్పండి.

జవాబు: చెల్లెలిలా అనుకోమన్నావు కాబట్టి మీరూ గీరూ లేకుండానే రాస్తున్నాను. ముందు ఆ ‘తీసుకెళ్లిపోతే బాగుణ్ణు’ సంగతి. ఆ మాట రాసేసి నువ్వు పెద్దావిడ దగ్గరికి వెళ్లిపోయావు, నేను అంత తొందరగా దాటలేను. అది విసుగొచ్చి అనుకున్నదా, లేక ఎలా పోవాలి అనే ఆలోచన కూడా వస్తోందా? రెండోదైతే ఇది చదవడం ఆపి ఇప్పుడే మీ ఆయనకి చెప్పు, ఒంటరిగా ఉండకు, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, మనసు బాలేనప్పుడు మాట్లాడే సాయం నంబరు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. మొదటిదే అయినా ఆ నంబరు ఫోన్లో పెట్టుకో.

అలా అనిపించడమే పాపమేమోనని భయపడుతున్నట్టున్నావు. ఏలీయా ప్రవక్త అనలేదా? కర్మెలు కొండ మీద అంత ఘనకార్యం చేసిన మనిషి, ఆ తర్వాత అడవిలో బదరీ చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెయ్యలేదు, పడుకోనిచ్చాడు. దూత తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు దూత. ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది’ అన్నది అప్పుడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం, తీసి చూడు. దేవుడు ఆయనతో కొండ దగ్గర మాట్లాడింది ఇదంతా అయ్యాకే. నీ విషయంలోనూ అదే వరసలో వెళ్దాం.

అత్తగారిని రాత్రిపూట రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒంటికి పుండ్లు పడతాయి, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కానీ ఆ తిప్పేది రోజూ నువ్వే ఎందుకవ్వాలి? మీ ఆయనకి నోరు పెగలదన్నావు, చేతులు బాగానే ఉన్నాయిగా. రాత్రి పది నుంచి రెండు దాకా ఆయన, తర్వాత నువ్వు. ఆ నాలుగు గంటలూ వసారాలోనో పక్కింట్లోనో పడుకో, అదే గదిలో ఉంటే ఆవిడ మూలిగినప్పుడల్లా నీకే మెలకువొస్తుంది. తల్లికి ఒళ్లు తుడవాలంటే మగాడికి మొహమాటం, ఒప్పుకుంటాను, పక్కకి తిప్పి వెనక దిండు పెట్టడానికి ఏం మొహమాటం? ఆయనే తెలుసుకుంటాడని మాత్రం చూడకు. మన ఇళ్లల్లో మగాళ్లు వాళ్లంతట వాళ్లు తెలుసుకోరు, చెప్పాలి.

తర్వాత పర్లాకిమిడి పెద్దాసుపత్రికి ఒకసారి వెళ్లు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేని మీదా ఇష్టం లేక, చావు ఆలోచనలు వస్తుంటే డాక్టర్లు డిప్రెషనేమో అని చూస్తారు. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసంగా దిగులుగా అయిపోతుంది, ఆ పరీక్షలు కూడా అడుగు. మందులు వాడితే విశ్వాసం లేనట్టేనని ఎవరైనా అంటే, పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడేనని చెప్పు. కొలస్సయులకు రాసిన పత్రికలో ‘ప్రియుడైన వైద్యుడు’ అనే ఉంది.

ఇక ఆ పెద్దావిడ. ఆవిడ పూర్తిగా లేనిది చెప్పలేదు. దావీదు 51వ కీర్తనలో ‘నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము’ అని ఏడ్చింది నిజంగా పాపం చేశాకే. అయితే ఏ తప్పూ లేకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుతో ఆయన స్నేహితులు కూడా అచ్చం ఈవిడలాగే మాట్లాడారు, నీలో ఏదో ఉంది ఒప్పుకో ఒప్పుకో అని ప్రాణం తీశారు, చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. ఫలానా తప్పు చేశానని నీకు తెలిస్తే ఒప్పుకో, అక్కడితో అయిపోయింది. ఏం తప్పో తెలీక రాత్రంతా తవ్వుకుంటూ కూర్చోవడం పశ్చాత్తాపం కాదమ్మా, టెన్షన్. నిద్ర లేని ఒంటితో ఉపవాసం ఇప్పుడొద్దు. విత్తన కానుక అసలే వద్దు. కానుక ‘కలిమి కొలదియే’ అని రెండో కొరింథీ 8వ అధ్యాయంలో పౌలే రాశాడు, ఐదు రూపాయల వడ్డీ కడుతున్న ఇంటి నుంచి ఆనందానికి అడ్వాన్సు అడిగేవాళ్లు ఆ అధ్యాయం చదివారో లేదో నాకైతే అనుమానమే.

నీకు నేను ముఖ్యంగా చూపించాలనుకున్నది 42వ కీర్తన. అది కోరహు కుమారులది, దేవాలయంలో పాటలు పాడే వంశం వాళ్లది. అందులో మాట్లాడే మనిషి అచ్చం నువ్వే. ఒకప్పుడు జనాన్ని ముందుండి మందిరానికి నడిపించాడు, ఇప్పుడు ఆ రోజులు తల్చుకుంటే కన్నీళ్లే రాత్రింబగళ్లు అన్నపానాలయ్యాయి అంటాడు. ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు’ అని తన్ను తానే అడుగుతాడు, జవాబు రాదు, మళ్లీ అడుగుతాడు, 43వ కీర్తనలో మూడోసారీ అదే ప్రశ్న. ఆనందం వచ్చేసిందని ఎక్కడా చెప్పడు, ముందు ముందు స్తుతిస్తాను అన్నదొక్కటే పట్టుకుని ఉంటాడు. అలాంటి పాటని కూడా అప్పటివాళ్లు తీసిపారెయ్యకుండా కీర్తనల్లోనే ఉంచారు. నీ ఏడుపు గుళ్లోకి రాకూడనిదైతే ఈ కీర్తన బైబిల్లో ఉండేది కాదు.

అందుకని పాస్టరమ్మగారికి చెప్పు, కొన్నాళ్లు నేను కీర్తన ఎత్తను, వేరే అమ్మాయి చేత ఎత్తించండి అని. గుడి మానొద్దు, వెళ్లి జనంలో కూర్చో. మీ వైపు గుళ్లల్లో ఒడియా పాటలు, సవర పాటలు కూడా పాడతారు కదా, అవి మొదలైనప్పుడు ఎవరూ నీవైపు చూడరు, వింటూ కూర్చోవచ్చు. పెదాలు కదిలితే కదులుతాయి, లేదంటే లేదు. పదిహేనేళ్లు నువ్వెత్తితే వాళ్లు అందుకున్నారు, కొన్నాళ్లు వాళ్లనీ ఎత్తనీ.

ఇంట్లో పిల్లల పాత నోటుబుక్కేదైనా ఉంటే తీసుకో. హబక్కూకు 3వ అధ్యాయం చివర ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అన్న మాట నీకు కంఠతా వచ్చే ఉంటుంది, దాని ముందున్న పద్దు చూడు. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ కాపు లేదు, చేలో పంట లేదు, దొడ్డిలో గొర్రెల్లేవు, సాలలో పశువుల్లేవు. పోయినవాటిని ఒక్కోటీ పేరుపెట్టి చెప్పుకొచ్చాడు. మనవాళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ పద్దంతా దాటేసి చివరి ముక్కొక్కటే మైకులో అరుస్తారు, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. నువ్వు నీ పద్దు రాయి. జీడిపూత మాడిపోయినను, అప్పులాయన గుమ్మం ముందు నిలబడినను, నేనింత చేసినా అత్తగారు నన్నే తిట్టినను... అలా, ఎంత పొడుగైతే అంత. చివరి వాక్యం మనసులోంచి రాకపోతే ఖాళీ వదిలెయ్, రాని మాట రాయకు. అదే దేవుడి ముందు పెట్టు.

వస్తుందా అని అడిగావు. వస్తుందనే నా నమ్మకం, తారీఖు మాత్రం చెప్పలేను, చెప్పేవాళ్లని నమ్మకు. ఇంకోటి, దుఃఖం మొత్తం ఖాళీ చేసి వెళ్లాకే ఆనందం వస్తుందని అనుకుంటున్నావేమో. ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని పౌలు ఫిలిప్పీయులకు రాసింది సంకెళ్లలో ఉండి. అదే ఉత్తరంలో, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లాడని, అతను పోయుంటే తనకి దుఃఖం మీద దుఃఖం అయ్యేదని కూడా రాశాడు. ఒకే మనిషికి ఒకే ఉత్తరంలో రెండూ ఉన్నాయి.

మీ ఆయన మౌనం గురించి ఒక్క మాట. తోట ఆయనదీ కదా, నేలకొరిగినప్పుడు ఆయన కూడా చూస్తూ నిలబడ్డాడు. నీ పద్దు ఆయనకి చదివి వినిపించి, నీదేమైనా కలపాలా అని అడుగు. అదే కూర్చోవడంలో అప్పు ఎవరిది ఎంత, ఎంత వడ్డీ అని ఒక కాగితం మీద పెట్టండి. నువ్వు మిషన్ శక్తి గ్రూపులో, అంటే మీ ఒడిశా ఆడవాళ్ల పొదుపు సంఘంలో ఉంటే, ఆ లోను తక్కువ వడ్డీకి దొరుకుతుందేమో కనుక్కుని ముందు ఐదు రూపాయల అప్పు వదిలించుకోండి. అత్తగారికి మధుబాబు పెన్షన్, అదే ఒడిశా ప్రభుత్వం ముసలివాళ్లకీ వికలాంగులకీ ఇచ్చేది, రాకపోతుంటే ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని మీ ఆయన్ని పంచాయతీ ఆఫీసుకి పంపు, నువ్వు వెళ్లకు, నువ్వు ఆ టైముకి ఆసుపత్రిలో ఉండాలి. డాక్టరు ఏమన్నారో, ఏ పరీక్షలు రాశారో నాకు మళ్లీ రాయి.